మామూలుగా తినండి

"తలుపు వేసి రండి," అంది మంచం మీది మనిషి. "నేనడిగేది మా అన్నయ్య చెవిన పడకూడదు."

తలుపు వేసి వచ్చి స్టూలు మీద కూర్చున్నాను. ఆస్పత్రి స్టూళ్ళకి ఎందుకో ఒక కాలు ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది. ఆవిడకి నలభై అయిదు దాటి ఉంటాయి. ముంజేయి మాత్రం బడికి వెళ్ళే పిల్ల ముంజేయిలా ఉంది. కుడి చూపుడువేలి పక్కన సూది గుచ్చుకుని గుచ్చుకుని కాయ కాసింది. పుస్తకాలు బైండు చేసే ఇల్లు వాళ్ళది. కుట్టేది చెల్లెలు, అట్టలు అతికేది అన్న. పెళ్ళి మాట ఇద్దరూ తలపెట్టలేదు. ఒకే బల్లకి చెరో పక్కన కూర్చుని ఇంత వయసు తెచ్చుకున్నారు.

ఆవిడ చెప్పిందంతా రాస్తే ఈ ప్రకరణం కాస్తా పుస్తకమవుతుంది కాబట్టి నాకు పనికొచ్చిన ముక్కలు చెబుతాను. ఎన్నో ఏళ్ళుగా కడుపు బాగుండదు. ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, ఉన్నట్టుండి విరేచనాలు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా పేగుల చికాకుకి పెట్టే ఐబీఎస్ అనే మూడక్షరాలు, దిగులు మానుకోమనే సలహా. రొట్టె తింటే బాధ ఎక్కువవుతోందని తనకే అనిపించి, గోధుమ పూర్తిగా మానేసి బియ్యపు జావకి దిగింది. అలా చాలా నెలలు గడిచాక ఈ ఆస్పత్రికి వచ్చింది. ఇక్కడి డాక్టరమ్మకి ఒక పట్టుదల ఉంది. ఐబీఎస్ అని చీటీ తగిలించుకుని వచ్చిన ప్రతివాళ్ళకీ సీలియాక్ జబ్బుందేమో రక్తం తీసి చూస్తుంది. ఆ జబ్బున్నవాళ్ళకి గోధుమ పడదు. అది లోపలికి వెళ్తే ఒళ్ళు తన పేగుల మీదే తను కత్తి కడుతుంది.

రక్తం తీశారు. ఆ జబ్బు లేదని తేలింది.

"అక్కడికీ డాక్టరమ్మ ఏది చెబితే అది చేశాను," అంది ఆవిడ. "రక్తం తీసేదాకా మామూలుగా తినమంటే మామూలుగానే తిన్నాను."

అది వింటున్నప్పుడు నా కడుపు ఒకసారి మెలితిరిగింది. ఐబీఎస్ బిరుదు నాకూ ఉంది లెండి. ఒంటరిగా ఉండే మగాడు, పొద్దున బన్ను, రాత్రి బన్ను, మధ్యలో టీ. నా కడుపు గోలలో పడి ఆవిడ మాట సగమే విన్నాను. ఆ సగం కోసం సాయంత్రం దాకా తిరగాల్సి వచ్చింది.

పరీక్ష అయిన కొన్నాళ్ళకే కథ అడ్డం తిరిగిందట. జావే తాగుతున్నా మళ్ళీ మంచం పట్టింది. ఆస్పత్రిలో చేరితే తేరుకుంది. ఇంటికెళ్తే పడిపోయింది. మళ్ళీ చేరింది, మళ్ళీ లేచి కూర్చుంది.

"ఇక్కడా జావే, అక్కడా జావే. ఇంట్లోది మాత్రం చిక్కగా ఉంటుంది. నాలిక్కి ఏదో తగులుతుంది. ఏం కలిపావని అడిగితే, ఏం లేదు, నీ తలమీద ఒట్టు అన్నాడు." ఆవిడ దుప్పటి అంచు మడత వేసి, గోటితో గీసి పదును చేసింది. కాగితాలు మడిచే అలవాటు. "మా అన్నయ్య ఒట్లు వేసే మనిషి కాదండీ. అందుకే భయమేసింది."

ఆ భయంలో నర్సు దగ్గర ఒక మాట జారింది. ఆ మాట మెట్లు దిగి పోలీసుల దాకా వెళ్ళింది. ఇప్పుడు దాన్ని వెనక్కి లాగలేక ఏడుస్తోంది.

"ఈ సాయంత్రం ఇంటికి పొమ్మంటున్నారు. నాకు ఇంకో ఇల్లు లేదు, ఇంకో మనిషి లేడు. పోలీసులకి ఏం కావాలో నాకక్కర్లేదు. నాకొక్కటి తేల్చి చెప్పండి. అన్నయ్య చేతి జావ నేను తాగొచ్చా, తాగకూడదా?"

నా డిటెక్టివు వృత్తిలో ఇంతకంటే చిన్న ప్రశ్నతో నా దగ్గరికి ఎవరూ రాలేదు. ఇంతకంటే పెద్దదీ ఎవరూ తేలేదు.

*

బైండింగు ఇంటికి నేను వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టర్ ముందే ఉన్నాడు. నేను ఎక్కడికి వెళ్ళినా ఈయన ముందే ఉంటాడు, విషయం మాత్రం ఆయనకి ఎప్పుడూ నా తర్వాతే అందుతుంది. మా ఇద్దరికీ పడకపోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

"రండి డిటెక్టివ్ గారూ. మీరు రాకుండానే పనైపోతుందేమోనని దిగులు పడుతున్నాను," అన్నాడు. చేతిలో చిన్న కాగితం పొట్లం ఉంది. విప్పి చూపించాడు. నీలంగా మెరిసే పలుకులు. మైలుతుత్తం. పుస్తకాలని పురుగు కొట్టకుండా బైండర్లు జిగురులో చిటికెడు కలుపుతారు. మనిషి కడుపులో పడితే మాత్రం విషమే.

బైండరు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చెల్లెలి కంటే పదేళ్ళు పెద్ద, చెల్లెలంత సన్నం. పెదవుల మూలలు పగిలి ఉన్నాయి. నేను లోపలికి వచ్చాక రెండుసార్లు పెరట్లోకి వెళ్ళి వచ్చాడు. తప్పు చేసినవాడి కడుపు ఊరుకోదని ఇన్‌స్పెక్టర్ నాకు వినపడేలా కానిస్టేబులుకి పాఠం చెప్పాడు.

పొట్లం ఒకసారి ఇమ్మని తీసుకున్నాను. తేమకి పలుకులన్నీ ఒకదానికొకటి పట్టేసి గడ్డ కట్టాయి. గడ్డ చుట్టూ కాగితం అంటుకుపోయింది. ఇందాక ఆయన విప్పినప్పుడు చిరిగిన చోటు తప్ప ఇంకెక్కడా చిరగలేదు, గడ్డ అంచు ఎక్కడా విరగలేదు.

"ఇందులోంచి ఎవరూ ఏమీ తియ్యలేదు," అన్నాను. "తీసి కలిపినా జావ నీలంగా మారుతుంది. రుచి చూసిన మనిషి అక్కడే కక్కుకుంటుంది. నెలల తరబడి నీలం జావ తాగుతూ కూర్చోడానికి ఆవిడ గుడ్డిదా?"

"కొంచెం కొంచెంగా పెడితే తెలీదు."

"కొంచెమైనా తీసిన గుర్తేదీ?"

ఆయన పొట్లం వెనక్కి లాక్కున్నాడు. చెల్లెలు తాగగా మిగిలిన జావని ఫ్లాస్కుతో సహా ల్యాబుకి పంపాననీ, సాయంత్రానికి దాని మాట అదే చెబుతుందనీ అన్నాడు. ఆయన ధీమా చూస్తే ఒళ్ళు మండింది. ఒక మనిషిని దొంగగా చూడడం మొదలుపెడితే వాడి చెమట కూడా సాక్ష్యంగానే కనిపిస్తుంది కొందరికి.

ఆయన్ని వదిలేసి గది చూశాను. అట్టలు నొక్కే ఇనప ప్రెస్సు మర మీద దుమ్ము అంగుళం మేర మెత్తగా పడి ఉంది. జిగురు పూసే కుంచెలు పుల్లల్లా బిగుసుకుపోయాయి. జిగురు గిన్నెలో మిగిలింది ఎండి, బీటలు వారి, పెచ్చులు లేచింది. చెల్లెలు మంచం పట్టాక ఈ బల్ల మీద ఒక్క పుస్తకమూ తయారు కాలేదు. ఆవిడ కుట్టకపోతే ఈయన అతికేదేముంటుంది?

జిగురు సామాను పెట్టే అలమరలో ఒక రేకు డబ్బా ఉంది. జిగురు కాచే పిండి అందులోనే ఉంటుంది. చుట్టూ ఉన్న సీసాలన్నీ దుమ్ము పట్టి ఉన్నాయి. ఈ డబ్బా మూత మాత్రం రోజూ చెయ్యి తగిలే వస్తువులా నున్నగా మెరుస్తోంది. తీసి చూశాను. జిగురుకి వాడేది తెల్లటి మైదా. ఇది గోధుమరంగులో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే దోరగా వేయించిన వాసన కమ్మగా తగిలింది. మూత పెట్టేశాను.

"ఏం దొరికింది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచి.

"జిగురు పిండి."

"అతుక్కుపోగలరు, జాగ్రత్త." తన హాస్యానికి తనే మురిసి, పొట్లం జేబులో వేసుకుని, బైండరుని ఊరు దాటొద్దని చెప్పి వెళ్ళాడు. ఆ అడుగుల చప్పుడు సందు మలుపు తిరిగేదాకా ఆగాను.

"జిగురుకి పిండి వేయిస్తారా, పెద్దాయనా?"

బైండరు వచ్చి డబ్బా మూత ఇంకాస్త బిగించాడు.

"వేయిస్తే జిగట పోతుంది, అట్ట నిలవదు. మీకు తెలియనిది కాదు. మరి ఎందుకు వేయించారు?"

ఆయన నెమ్మదిగా చెల్లెలి స్టూలు మీద కూర్చున్నాడు. తన స్టూలు పక్కనే ఉంది. తర్వాత ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా నాకు అబద్ధం అనిపించలేదు. రక్తపరీక్ష ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి, సీలియాక్ లేదు, గోధుమ నిక్షేపంగా తినొచ్చు, ముందు ఒంట్లో బలం చేరాలి అందట. చెల్లెలు వింటేనా. రొట్టె కనబడితే మొహం తిప్పుకునేది.

"ఎముకలు పైకి తేలుతుంటే చూస్తూ కూర్చోమంటారా, అయ్యా? దాన్ని ఎత్తుకుని తిరిగిన చేతులివి. డాక్టరే తినొచ్చంది కదా అని వేయించి, మెత్తగా జల్లించి, జావలో రెండు చెంచాలు కలిపాను. వంటింట్లో పెడితే కనిపెడుతుందని ఇక్కడ దాచాను. గిన్నెలో మిగిలింది నేనే తాగేవాణ్ణి. విషమైతే నేను తాగుతానా?"

"ఇది పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"వాళ్ళకి చెబితే దానికి తెలుస్తుంది. తల మీద ఒట్టేసి అబద్ధం ఆడానని తెలిస్తే, ఇక నా చేతి మంచినీళ్ళు కూడా ముట్టదు. నాకున్నది అదొక్కతే."

అడగాల్సింది అడిగి ఊరుకోవాల్సింది. నా నోరు ఊరుకోదు. "ఆస్పత్రి జావలో ఈ పిండి లేదు. అక్కడ ఆవిడ బాగానే ఉంది," అని నాలో నేను అనుకోవాల్సినది పైకి అన్నాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. డబ్బా వైపు చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ చూపు నాకు నచ్చలేదు, కానీ డాక్టరమ్మ వెళ్ళిపోయేలోపు పట్టుకోవాలన్న తొందరలో అక్కడ ఆగలేదు.

*

డాక్టరమ్మ బల్ల నిండా మనుషుల పేగుల గోడు రిపోర్టులుగా పేర్చి ఉంది. వేయించిన పిండి సంగతి విని చిరాకుపడింది. పరీక్షలో తప్పు లేదనీ, గోధుమ వల్ల ఆవిడకి ఏమీ కాకూడదనీ గట్టిగా చెప్పింది.

"పిండి పడినప్పుడల్లా ఆవిడ పడిపోయింది. పిండి లేనప్పుడల్లా లేచింది. మీ పరీక్ష మాత్రం పిండికీ ఆవిడకీ పేచీ లేదంటోంది," అన్నాను. "రెండూ నిజమయ్యే దారి ఏదైనా ఉందా?"

"ఒకటే దారి," అంది ఆవిడ విసుగ్గానే. గోధుమ తింటున్న మనిషి రక్తంలోనే ఆ జబ్బు జాడ దొరుకుతుందట. నెలల తరబడి మానేస్తే జాడ చెరిగిపోయి, జబ్బున్నా లేనట్టే కనిపిస్తుందట. "అందుకే ఒక్కరినీ వదలకుండా చెబుతాను, రక్తం తీసేదాకా మామూలుగా తినండి అని. ఆవిడకీ చెప్పాను."

పొద్దున సగం విన్న మాట అప్పుడు పూర్తిగా వినపడింది.

"ఆవిడా అదే చెప్పింది. మామూలుగానే తిన్నానంది," అన్నాను. "డాక్టరమ్మా, ఆవిడ మామూలు ఏమిటో మీరు అడిగారా?"

"అంటే?"

"మీ దృష్టిలో మామూలు అంటే నలుగురూ తినేది. ఆవిడ దృష్టిలో మామూలు అంటే అప్పటికి కొన్ని నెలలుగా తను తాగుతున్న బియ్యపు జావ. ఇద్దరూ ఒకే మాట అనుకున్నారు. గోధుమ గింజ లోపలికి పోకుండా రక్తం తీశారు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.   తప్పు తనదని ఆవిడ అనలేదు, కాదనీ అనలేదు. లేచి, ఇప్పుడే మళ్ళీ రక్తం తీయిస్తానంది. అన్నగారు దొంగచాటుగా పెట్టిన పిండి ఆగిపోయి కొద్ది రోజులే అయింది కాబట్టి, జబ్బుంటే ఆ జాడ ఇంకా ఉంటుందట. ఉందని తేలితే లోపలికి గొట్టం వేసి పేగు చూసి ఖాయం చేయొచ్చట. అంటే ఆయన ఆడిన అబద్ధమే ఇప్పుడు ఆయన పక్షాన సాక్ష్యం చెప్పాలి.

*

డాక్టరమ్మతో కలిసి వచ్చి గది తలుపు తీసేసరికి ఇన్‌స్పెక్టర్ మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ముందే వచ్చాడు, అలవాటు ప్రకారం. ఒక చేతిలో టోపీ, ఇంకో చేతిలో ల్యాబువాళ్ళు కడిగి పంపిన ఫ్లాస్కు. చెల్లెలు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"మీకూ చెబుతాను, వినండి," అన్నాడు నాతో. "బైండరు తనంతట తానే స్టేషనుకి నడిచొచ్చాడు. నా చెల్లెలికి విషం పెట్టింది నేనే, ఈ చేతులతోనే కలిపాను, శిక్ష వేయండి అని కూర్చున్నాడు. లాకప్‌లో ఉన్నాడు."

నేను భయపడ్డదే జరిగింది. నా వాగుడే దానికి మొదలు.

"ల్యాబు ఏమంది?" అని అడిగాను.

ఇన్‌స్పెక్టర్ గొంతు కాస్త తగ్గింది. "తుత్తం లేదంది. విషం ఏదీ లేదంది. బియ్యం, కాస్త గోధుమపిండి. అయితే ఏం? ఒప్పుకున్నాడుగా."

"ఆ గోధుమపిండే ఆయన ఒప్పుకున్నది."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. మొత్తం చెప్పాను. ఇన్‌స్పెక్టర్‌కి చెబుతున్నట్టు ఆయన వైపు చూస్తూ, గోడ వైపు తిరిగిన వీపుకి వినపడేలా చెప్పాను. మామూలు అన్న ఒక్క మాటకి ఇద్దరు రెండు అర్థాలు తీశారన్నాను. మీ స్టేషన్లో ఆ మాటకి మూడో అర్థం కూడా ఉందిగా అంటే, ఇన్‌స్పెక్టర్ మీసం కొరుక్కున్నాడు. కొత్త పరీక్ష కాగితం చేతికొచ్చేదాకా నేరం ఒప్పుకున్న మనిషిని వదిలేది లేదని మాత్రం ఖచ్చితంగా చెప్పాడు.

చెల్లెలు ఇటు తిరిగింది.

"వేయించి కలిపాడా?" అంది.

"దోరగా వేయించి, జల్లించి. జిగురు డబ్బాలో దాచాడు."

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "దొంగ సచ్చినోడు," అంది చాలా మెల్లగా. ఆ తిట్టులో ఉన్నంత ప్రేమ ఈ మధ్య నేను ఎక్కడా వినలేదు.

"మీరు పొద్దున ఒకటి అడిగారు," అన్నాను. "ఆయన చేతి జావ తాగండి. పిండి లేకుండా."

ఆవిడ చెయ్యి చాపింది. డాక్టరమ్మే స్వయంగా రక్తం తీసింది. సూది ఇంకా చేతిలో ఉండగానే చెల్లెలు ఇన్‌స్పెక్టర్‌ని అడిగింది. "అక్కడ మా అన్నయ్యకి తినడానికి ఏం పెట్టారండీ?"

"రొట్టె. అందరికీ పెట్టేదే."

డాక్టరమ్మ సూది తీసి దూది అద్దింది. ఈ జబ్బు ఒకరికి ఉంటే తోడబుట్టినవాళ్ళకీ ఉండే అవకాశం ఉందని చెప్పి, అన్నగారికి కడుపు ఎలా ఉంటుందని అడిగింది.

"అన్నయ్యకి ఏ జబ్బూ లేదండీ. కడుపు మామూలే."

గదిలో అందరం ఆవిడ వైపు చూశాం. డాక్టరమ్మ ఈసారి మంచం మీదే కూర్చుంది.

"మామూలు అంటే ఏమిటో చెప్పమ్మా."

"మామూలే," అంది ఆవిడ, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు. "తిన్నప్పుడల్లా ఉబ్బుతుంది. రోజుకి నాలుగైదుసార్లు పెరట్లోకి వెళ్ళొస్తాడు. నోరు పూస్తుంది. ఒళ్ళు పట్టదు. పోయిన మా అమ్మకీ అంతే. మా ఇంట్లో అందరికీ అంతే." చెప్పడం పూర్తయ్యాక తను చెప్పింది తనకి వినపడింది. మొహం పాలిపోయింది.

పగిలిన పెదవి మూలలు గుర్తొచ్చాయి. తప్పు చేసినవాడి కడుపన్న పాఠం ఇన్‌స్పెక్టర్‌కీ గుర్తొచ్చి ఉంటుంది. టోపీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

ఆవిడ అప్పటికే పక్కనున్న జావ గ్లాసు అందుకుంది. ఆ ఫ్లాస్కులో ఇది పోసుకెళ్ళండి, మా అన్నయ్యకి ఆ రొట్టె పెట్టకండి అని ఇన్‌స్పెక్టర్‌ని బతిమాలింది. డాక్టరమ్మ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకోసారి అదే తప్పు వద్దమ్మా. రక్తం తీసేదాకా ఆయన రొట్టె మానకూడదు. ఇప్పుడే మనిషిని పంపిస్తాను. ముందు రక్తం, తర్వాత జావ."

ప్రేమ కొద్దీ పెట్టినది విషమైంది. ఇప్పుడు ప్రేమ కొద్దీ ఆపబోయిందీ తప్పే అవుతోంది. ఆవిడ అర్థం చేసుకుంది. గ్లాసు తనే ఫ్లాస్కులోకి వంచి, మూత బిగించి, ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చింది. నేరానికి సాక్ష్యంగా తెచ్చిన వస్తువుని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని ఆయన బయటికి నడిచాడు.  

నేనూ బయల్దేరుతుంటే నా సంచిలోంచి బన్ను పొట్లం జారి కింద పడింది. డాక్టరమ్మ దాన్ని చూసింది, నా మొహం చూసింది.

"మీకు కడుపు ఎలా ఉంటుంది?"

మామూలే అనబోయి నోరు మూసుకున్నాను. ఆవిడకి నా మౌనం చాలినట్టుంది. రేపు వచ్చి రక్తం ఇమ్మంది, అప్పటిదాకా బన్ను మానొద్దంది. వచ్చాక ఇవాళ ఏం తిన్నానో అడుగుతానంది.

వరండాలో బెంచీ మీద కూర్చుని బన్ను విప్పాను. నా జావలో దొంగచాటుగా బలం కలిపే మనిషి నాకు లేదు. కలిపాడేమోనని అనుమానించి ఏడ్చే మనిషీ లేదు. ఆ లాకప్‌లో కూర్చున్నవాణ్ణి తలుచుకుని నాకు కుళ్ళు పుట్టిందంటే నమ్మండి. కడుపు అప్పుడే మెలితిరగడం మొదలుపెట్టింది. అయినా చివరి తునక దాకా తిన్నాను. ఏం తిన్నావని రేపు ఒక మనిషి నన్ను అడగబోతోంది. ఎవరైనా ఆ మాట అడిగి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తులేదు.